జబ్బ చుట్టుకొలత దగ్గర మొదలుపెట్టండి: ఇంట్లో బీపీ చూసుకునే పద్ధతి

నేను 28 ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. మనిషి ఊపిరి బిగబట్టి నిలబడితే ఛాతీ కొలత ఒకలా వస్తుంది, తేలిగ్గా నిలబడితే ఇంకోలా వస్తుంది. చెయ్యి ఎత్తితే ఒకటి, దించితే ఒకటి. అందుకే మా పనిలో టేపు పట్టుకోవడం కంటే ముందు మనిషిని సరిగ్గా నిలబెట్టడం నేర్పుతారు. బీపీకి కూడా అదే వర్తిస్తుందని నాకు తట్టడానికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ మా ఆయన ఇబ్బంది పడ్డారు. మీ ఇంట్లో అలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

ఆయనకు బీపీ ఉందని తేలగానే మిషను కొన్నాం. రాత్రి భోజనం అయ్యాక ఆయన టీవీ ముందు సోఫాలో వాలి ఉంటే, చొక్కా చెయ్యి పైకి మడిచి, పట్టీ చుట్టి, బటన్ నొక్కేదాన్ని. 152, 158, 149. ఆ అంకెలే రాసుకుని వెళ్లాం. వాటిని చూసి డాక్టరు మాత్ర డోసు పెంచారు. రెండు వారాలు తిరక్కముందే ఒక పొద్దున మంచం మీంచి లేస్తూ ఆయనకు కళ్ళు తిరిగాయి. తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మళ్లీ వెళ్లినప్పుడు అక్కడి నర్సమ్మ మా మిషను పట్టీ చూసి, ఆయన జబ్బ చూసి, "దీనికి చుట్టుకొలత తీశారా అమ్మా?" అని అడిగింది. ఇంటికొచ్చి టేపు సెంటీమీటర్ల వైపు తిప్పి కొలిచాను. 36 వచ్చింది. పట్టీ మీద 22–32 అని అచ్చేసి ఉంది. ఆరు నెలలు అది నా కళ్లముందే ఉంది.

పెద్ద పట్టీ తెప్పించి, కూర్చునే పద్ధతి మార్చి వారం రోజులు చూస్తే, పై అంకె 15 పాయింట్ల దాకా తగ్గింది. ఆ కొత్త లెక్క చూశాక డాక్టరే డోసు తిరిగి తగ్గించారు.

ముందు, ఆ అంకె ఏమిటి?

120/80 అని అందరం అంటాం. దేనిలో 120? మిల్లీమీటర్లలో. ఇది నిజంగా పొడవు కొలతే. రక్తం తోసే ఒత్తిడికి ఒక గాజుగొట్టంలో పాదరసం ఎంత ఎత్తు లేస్తుందో అదే ఆ అంకె. 120 అంటే నా టేపు మీద 12 సెంటీమీటర్లు. పాదరసం నీటి కంటే 13.6 రెట్లు బరువు కాబట్టి అంతటితో ఆగుతుంది. అదే నీళ్లయితే 163 సెంటీమీటర్లు లేస్తాయి, దాదాపు ఒక మనిషి ఎత్తు. స్టీఫెన్ హేల్స్ అనే ఆయన గుర్రం రక్తనాళానికి గాజుగొట్టం తగిలించి చూస్తే, రక్తం ఎనిమిది అడుగులకు పైన లేచింది, ఆ సంగతి 1733లో పుస్తకంగా అచ్చువేశాడు. 1896లో రివా-రోచీ అనే ఇటలీ డాక్టరు చేతికి చుట్టే పట్టీ తయారుచేశాడు. 1905లో కొరొట్‌కాఫ్ అనే రష్యా డాక్టరు స్టెతస్కోపుతో ఆ పట్టీ కింద శబ్దాలు వినే పద్ధతి చెప్పాడు. ఇప్పటికీ డాక్టర్లు చెవిలో పెట్టుకుని వినేది ఆ శబ్దాలనే.

పై అంకె గుండె ముడుచుకుని రక్తాన్ని తోసినప్పటిది. కింది అంకె గుండె మళ్లీ వదులై నిండుతున్నప్పటిది. మిషను మీద కనబడే మూడో అంకె నాడి, అంటే నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో. చాలామంది ఈ మూడోదాన్ని కూడా బీపీలో కలిపేసి కంగారు పడతారు. నాడి 88 ఉందంటే బీపీ ఎక్కువని అర్థం కాదు.

ఇంట్లో వాడే డిజిటల్ మిషను శబ్దం వినదు. పట్టీని బిగించి, మెల్లగా వదులుతూ, రక్తనాళం కొట్టుకున్నప్పుడల్లా పట్టీలోని గాలికి తగిలే చిన్న చిన్న అదురులను పసిగడుతుంది. ఆ అదురు ఎక్కడ ఎక్కువగా ఉందో చూసి, తన లోపలి లెక్కతో పై అంకె, కింది అంకె తేలుస్తుంది. అందుకే మనం వేళ్లు కదిపినా, మాట్లాడినా, దగ్గినా ఆ అదురులో మన అదురు కలిసిపోతుంది. గుండె లయ తప్పే జబ్బు ఉన్నవాళ్లకు ఈ మిషను లెక్క అంత స్థిరంగా రాదు. వాళ్లు రెండుకు బదులు మూడుసార్లు చూసి సగటు తీసుకోవాలి. లయ తప్పిందన్న గుర్తు మిషను మీద పదే పదే వస్తుంటే డాక్టరుకు చెప్పి ఈసీజీ తీయించుకోండి.

మిషను, పట్టీ

జబ్బకు కట్టే మిషనే తీసుకోండి. మణికట్టు మిషన్లు చూడ్డానికి బాగుంటాయి కానీ, మణికట్టును సరిగ్గా గుండె ఎత్తులో పట్టుకోకపోతే అంకె మారిపోతుంది. వేలికి పెట్టేవి వద్దే వద్దు. పరీక్షలు చేసి సరైనవని తేల్చిన మిషన్ల జాబితాను స్ట్రైడ్ బీపీ అనే సంస్థ ఇంటర్నెట్‌లో ఉంచుతుంది. కొనేముందు మీరు అనుకున్న మోడల్ అందులో ఉందో లేదో చూసుకోండి. డబ్బా మీద ఏం రాసి ఉన్నా నేను లెక్కపెట్టను.

ఇక చుట్టుకొలత. భుజం చివర చేతికి తగిలే ఎముక నుంచి మోచేతి మొన దాకా కొలిచి, దానికి సగం దగ్గర చిన్న గుర్తు పెట్టండి. చెయ్యి వదులుగా వేలాడేయమని, ఆ గుర్తు మీదుగా టేపు చుట్టండి. టేపు చర్మాన్ని తాకుతూ ఉండాలి, నొక్కకూడదు. కొత్తగా పనిలో చేరినవాళ్లకు నేను చెప్పే మాట ఏమిటంటే, టేపు తీశాక చర్మం మీద దాని గీత పడితే బిగించినట్టే. వచ్చిన సెంటీమీటర్లు పట్టీ మీద రాసిన రెండు అంకెల మధ్య ఉండాలి. అంచుల్లో ఉంటే, అంటే 32 పట్టీకి జబ్బ 32 వస్తే, నేనైతే పెద్దదే తీసుకుంటాను. పట్టీని అదే కంపెనీ మిషనుకు సరిపోయేది తీసుకోవాలి, వేరేది తగిలిస్తే లెక్క తప్పుతుంది.

పట్టీ ఒక సైజు చిన్నదైతే పై అంకె సగటున 5 పాయింట్ల వరకు ఎక్కువ చూపిస్తుంది. రెండు సైజులు చిన్నదైతే 20 దాకా పోతుంది. సన్నటి చేతికి పెద్ద పట్టీ కడితే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మా అమ్మ చేయి 21 సెంటీమీటర్లు. మా ఆయన పట్టీ ఆవిడకు కట్టి "బీపీ బాగుంది అమ్మా" అనేదాన్ని ఒకప్పుడు. ఇంట్లో ఎంతమంది ఉంటే అందరి జబ్బలూ కొలవండి. అయిదు నిమిషాల పని.

కూర్చోబెట్టడం

దీని మీదే నేను ఎక్కువ చెప్పదలచుకున్నాను. ఎందుకంటే తప్పులు దాదాపు అన్నీ ఇక్కడే జరుగుతాయి.

చూసే ముందు అరగంట పాటు కాఫీ, టీ, సిగరెట్టు, వ్యాయామం ఉండకూడదు. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు, దాని ఒక్కదానికే పై అంకె పది దాకా పెరగొచ్చు. తర్వాత వీపు ఆనేలా కుర్చీలో కూర్చోవాలి. సోఫా వద్దు, మంచం అంచు కూడా వద్దు. రెండు పాదాలూ నేల మీద ఆనాలి. కాలు మీద కాలు వేసుకోకూడదు. పొట్టిగా ఉన్నవాళ్లకు కాళ్ల కింద చిన్న పీట వేయండి. అలా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఫోను కూడా చేతిలో ఉండకూడదు. మా ఆయనకు ఈ అయిదు నిమిషాలే అన్నిటికంటే కష్టమయ్యాయి. నేను పక్కన కూర్చుని గుండీలు కుట్టుకుంటూ ఉండేదాన్ని. నాలుగు గుండీలు పూర్తయ్యేసరికి అయిదు నిమిషాలు అయ్యేవి.

చొక్కా చెయ్యి మడవకండి. ఇది నా చేతి పని కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మోచేతి దగ్గర వదులుగా ఉండే చెయ్యిని జబ్బ పైకి లాగితే, నాలుగు మడతలు పడి తాడు కట్టినట్టు బిగుస్తుంది. దాని కింద పట్టీ కడితే ఆ అంకెకు అర్థం లేదు. చెయ్యి పూర్తిగా బయటికి తీసేయండి. పట్టీ ఒంటికి తగలాలి. మోచేతి మడతకు రెండు వేళ్ల పైన పట్టీ కింది అంచు ఉండాలి. గొట్టం బయటికి వచ్చేచోటు, లేదా అక్కడున్న బాణం గుర్తు, మోచేతి లోపలి వైపు నాడి మీదికి రావాలి. కట్టాక అంచు కింద రెండు వేళ్లు దూరితే సరిపోయినట్టు.

ఇప్పుడు చేయి ఎత్తు. ఇక్కడ ఆ గాజుగొట్టం మాట గుర్తు చేసుకోండి. పట్టీ గుండె కంటే పది సెంటీమీటర్లు కిందికి ఉంటే, ఆ పది సెంటీమీటర్ల రక్తం బరువు కూడా కొలతలో కలుస్తుంది. అది 7 నుంచి 8 పాయింట్లు. పైకి ఉంటే అంతే తగ్గుతుంది. మా ఆయన సోఫాలో వాలి, చేయి తొడ మీద పెట్టుకుని చూపించుకున్నన్నాళ్లూ నేను రాసుకున్న అంకెల్లో ఈ బరువు కలిసే ఉంది. చేతిని బల్ల మీద ఆనించి, అరచేయి పైకి తిప్పి వదిలేయండి. పట్టీ మధ్యభాగం రొమ్ము ఎముక నడిమికి సమంగా ఉండాలి. బల్ల కిందికి ఉంటే మోచేతి కింద దుప్పటి మడిచి పెట్టండి. మా బల్లకు ఎంత మడత పెట్టాలో నేను టేపుతో కొలిచి, ఆ దుప్పటిని దానికే ఉంచేశాను. చేతిని ఆయనే గాల్లో ఎత్తి పట్టుకుంటే కండ బిగిసి మళ్లీ అంకె పెరుగుతుంది.

బటన్ నొక్కాక ఇద్దరూ మాట్లాడకూడదు. "ఎంతొచ్చింది?" అని మధ్యలో అడిగినా పాడవుతుంది.

మొదటి రోజు మాత్రం రెండు చేతులకూ చూడండి. ఏ చేతికి ఎక్కువ వస్తే ఇక ఎప్పుడూ ఆ చేతికే చూడాలి. రెండిటికీ మధ్య పది పాయింట్లకు మించి తేడా పదే పదే వస్తుంటే డాక్టరుకు చెప్పాలి. రొమ్ము ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసేసినవైపు చేతికి, డయాలసిస్ కోసం నరం కలిపిన చేతికి పట్టీ కట్టకూడదు.

వారం లెక్క

ఒక్క రీడింగును బీపీ అనుకోకండి. మెట్లెక్కితే పెరుగుతుంది, నిద్రలో పది నుంచి ఇరవై శాతం తగ్గుతుంది, ఎవరి మీదైనా కోపం వస్తే పెరుగుతుంది. అందుకే వారం చూడాలి. పొద్దున లేచి, మూత్రానికి వెళ్లొచ్చి, టిఫిను కంటే ముందు, బీపీ మాత్ర వేసుకోకముందు రెండుసార్లు. సాయంత్రం భోజనానికి ముందు మళ్లీ రెండుసార్లు. ప్రతి రెండిటి మధ్యా ఒక నిమిషం ఆగాలి. మొదటిది తరచుగా కాస్త ఎక్కువ వస్తుంది, అయినా రెండూ రాయాలి. ఏడు రోజులకు 28 రీడింగులు అవుతాయి. మొదటి రోజువి నాలుగూ తీసేయండి, ఆ రోజు అలవాటులేక ఎక్కువ వస్తాయి. మిగిలిన 24 కూడి, 24తో భాగించండి.

మా ఆయన గొడవ సర్దుకున్నాక నాకు కూడా చూసుకున్నాను. నా పుస్తకంలో ఆ వారం పై అంకెలన్నీ కూడితే 3,168. భాగిస్తే 132. కింది అంకెలు 1,968, భాగిస్తే 82. ఆ 24లో ఒకటి 151 ఉంది, ఒకటి 118 ఉంది. 151 చూసినరోజు నాకు నిద్ర పట్టలేదు. 118 చూసినరోజు అసలు జబ్బే లేదనుకున్నాను. రెండూ తప్పే.

రాసేటప్పుడు వచ్చిన అంకెనే రాయండి. 137 వస్తే 135 అనో 140 అనో రాయొద్దు. ఎక్కువ వచ్చినవి వదిలేసి మంచివే రాసేవాళ్లను చూశాను, అలాంటి పుస్తకం చూసి వైద్యం చేస్తే అది వేరే మనిషికి చేసిన వైద్యం అవుతుంది. పక్కన చిన్న గడి ఉంచుకుని ఆ రోజు విశేషం రాయండి: నిద్ర లేదు, మాత్ర మరిచిపోయాను, మోకాలి నొప్పికి బిళ్ళ వేసుకున్నాను. ఆ చివరిది చాలా ముఖ్యం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు బీపీని పెంచుతాయి, ముక్కు దిబ్బడకు వాడే కొన్ని మందులు కూడా పెంచుతాయి. మిషనులో మెమరీ ఉంటుంది కానీ, ఇద్దరు ముగ్గురు వాడే ఇంట్లో ఎవరిది ఎవరిదో కలిసిపోతుంది. చాలా మిషన్లలో ఇద్దరికి వేర్వేరు బటన్లు ఉంటాయి, అది నొక్కి మొదలుపెట్టండి.

వారం అయ్యాక ఆపేయండి. రోజూ పదిసార్లు చూసుకుంటే ఆ భయానికే పెరుగుతుంది. మందు మార్చినప్పుడు, డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు వారం మళ్లీ చూస్తే చాలు. తలనొప్పి వచ్చినప్పుడే చూసుకుంటాననేవాళ్లు కూడా ఉంటారు. ఎక్కువ బీపీకి చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు, కాబట్టి తలనొప్పిని నమ్ముకోవడానికి లేదు.

సగటు ఎంత వస్తే ఏమిటి

ఆసుపత్రిలో చూస్తే 140/90, ఇంట్లో సగటు 135/85, ఇంతకు చేరితే బీపీ ఎక్కువని చాలా దేశాల వైద్యులు లెక్కిస్తారు. ఇంట్లో నింపాదిగా ఉంటాం కాబట్టి ఇంటి గీత కాస్త కిందికి ఉంటుంది. అమెరికా వైద్య సంఘాలు 2017 నుంచి రెండుచోట్లా 130/80నే గీతగా పెట్టుకున్నాయి. నా 132/82 ఆ రెండు గీతల మధ్య పడింది. నా డాక్టరు మాత్ర రాయలేదు. ఉప్పు తగ్గించమని, రోజూ నడవమని, మూడు నెలలకు మళ్లీ వారం లెక్క తెమ్మని చెప్పారు. షుగరు, కిడ్నీ జబ్బు, ఇదివరకు గుండెపోటు ఉన్నవాళ్లకు నిర్ణయం వేరుగా ఉంటుంది. రెండు అంకెల్లో ఏ ఒక్కటి గీత దాటినా దాటినట్టే. ఉప్పు సంగతికొస్తే, పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అన్నిట్లో కలిసినది మొత్తం కలిపి అంత, అంటే ఒక చిన్న చెంచాడు.

కొందరికి ఆసుపత్రిలో ఎక్కువ వచ్చి ఇంట్లో మామూలుగా ఉంటుంది. కొందరికి తిరగబడి, డాక్టరు దగ్గర మామూలుగా ఉండి ఇంట్లో ఎక్కువ వస్తుంది. ఈ రెండోది ఎవరికీ తెలియకుండా లోపల చెడు చేస్తుంది. ఇంటి పుస్తకం లేకపోతే అది బయటపడటం కష్టం.

పెద్దవయసువాళ్లకు, మాత్ర కొత్తగా మొదలైనవాళ్లకు నిలబెట్టి కూడా చూడండి. కూర్చున్నప్పుడు చూసి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టరుకు చెప్పాలి. ఆ పొద్దున మా ఆయన తలుపు పట్టుకుని నిలబడినప్పుడు నేనిది చూసి ఉంటే రెండు వారాల ముందే సంగతి తెలిసేది.

ఎప్పుడు పరుగెత్తాలి

పై అంకె 180 గానీ కింది అంకె 120 గానీ దాటితే, కదలకుండా అయిదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. తగ్గకపోతే, ఒంట్లో బాగానే ఉన్నా సరే, ఆ రోజే డాక్టరుతో మాట్లాడండి. దాంతోపాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, ఒకవైపు చేయీ కాలూ పట్టు తప్పడం, మాట తడబడటం, చూపు మసకబారడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, మతి తప్పినట్టుండటం, వీటిలో ఏది ఉన్నా రెండోసారి చూడటానికి కూడా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఈ లక్షణాలు వస్తే బీపీ ఎంత ఉన్నా వెళ్లాల్సిందే. ఇంట్లో ఉన్న మాత్ర ఇంకోటి వేయడం, నాలుక కింద పెట్టి ఒక్కసారిగా దించాలని చూడటం ప్రమాదం, మెదడుకు రక్తం చాలక కొత్త ఆపద వస్తుంది. గర్భిణికి గీతలు వేరు: 140/90 వస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి, 160/110 అయితే వెంటనే ఆసుపత్రికి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వారం సగటును పేజీ పైన పెద్దగా రాసి, కింద 28 రీడింగులూ ఉంచండి. మా ఆయన డాక్టరు ఇప్పుడు ముందు ఆ పైగీతే చూస్తారు. ఏడాదికొకసారి మిషనును, పట్టీని కూడా తీసుకెళ్లి, అక్కడి మిషనుతో పక్కపక్కన చూడమని అడగండి. మేం బ్యాటరీలు ఆ రోజు పొద్దునే కొత్తవి వేసి, పట్టీ కుట్లు ఎక్కడా ఊడలేదని ఒకసారి తడిమి చూసుకుని బయల్దేరతాం.